బొంతలో చుట్టిన సన్నికల్లు

గురువారం మధ్యాహ్నం మూడింటికి సీతాఫల్‌మండిలో చర్చి స్త్రీల సమాజం కూడేది. పాటా ప్రార్థనా అయి, సాక్ష్యాల దగ్గరికి వచ్చేసరికి అందరి కళ్లూ ప్రేమమణి వైపు తిరిగేవి. మిగతావాళ్ల సాక్ష్యాల్లో జ్వరాలు తగ్గేవి, ఉద్యోగాలు వచ్చేవి. ప్రేమమణి సాక్ష్యంలో మాత్రం పాలు పొంగిపోయేవి. రాంగోపాల్‌పేట్‌లో ఎవరో పోయారని కబురొస్తే పరుగున వెళ్లి, ఒక వీధి ముందే మళ్లి, ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ల మూటల మధ్య కూచుని పావుగంట ఏడ్చి, వాళ్లిచ్చిన కాఫీ తాగి వచ్చిన మనిషి ఆవిడ. "వాళ్లూ ఏడ్చారండీ పాపం, ఇరవయ్యేళ్లున్న ఇల్లట" అని చెప్పి, అందరూ పడీ పడీ నవ్వుతుంటే తను మాత్రం పమిట సర్దుకునేది.

ఇలాంటివి ఎన్నున్నా అన్నిటికీ పెద్దక్క మోటార్ సైకిల్ ప్రయాణం. పదకొండేళ్ల కిందట మొగుడూ పెళ్లాలు సికింద్రాబాద్ నుంచి గుడివాడ అవతల ఆమె పుట్టింటి ఊరికి బండి మీద వెళ్లిన కథ. ప్రేమమణి వాళ్లు అద్దెకుంటున్న ఇంటావిడ అనసూయమ్మకి సమాజంతో సంబంధం లేదు గానీ, ఈ కథకి మాత్రం బియ్యం చేటతో సహా వచ్చి గడపలో కూచునేది.

ఆ గురువారం కూటం ప్రేమమణి ఇంట్లోనే. ఎండలు ఇంకా తగ్గలేదు. సమాజం అధ్యక్షురాలు రోసమ్మగారు, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన ఆవిడ, వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"ఆ మూల కూచున్న పిల్ల దేవకృప. బాబు పుట్టి ఎనిమిదో రోజున పోయాడు. నెలయింది, నోరు విప్పలేదట. నీ బండి కథ చెప్పి కాస్త నవ్వించు."

"ఇవాళ వేరేది చెప్తానండీ. కుక్కర్ పేలింది చెప్తాను."

"కుక్కర్‌కి ఏం నవ్వుతారే. బండిదే చెప్పు."

రోసమ్మగారు చెప్పాక సీతాఫల్‌మండిలో కాదనేవాళ్లు లేరు. ప్రేమమణి చెయ్యి తుడుచుకుని వచ్చి కూచుంది. దేవకృప గోడకి ఆనుకుని, ఒళ్లో రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని ఉంది. ఆ చేతుల్ని చూడకుండా ప్రేమమణి కథ మొదలెట్టింది.

"మా ఆయన రైల్వేలో పార్సెల్ గుమాస్తా అని మీకు తెలుసుగా. జేబులో ఫ్రీ పాసుంది, రైలుంది, అందులో కిటికీ ఉంది. అయినా మా అమ్మకి సన్నికల్లు తీసుకెళ్లడానికి బండి తీశాడు మహానుభావుడు. కృష్ణా జిల్లాలో రాళ్లు దొరకవు మరి."

"గుడివాడకి రాయి మోసుకపోయిండు" అంది అనసూయమ్మ, చేట పక్కన పెట్టేస్తూ. "గిసొంటి మనిషిని యాడ జూల్లే."

"రాయిని సీటు మధ్యలో నిలబెట్టి తాడుతో కట్టాడు. ముందు ఆయన, మధ్యలో అది, వెనక నేను. చౌటుప్పల్‌లో చైను ఊడింది. నకిరేకల్‌లో వాన. సూర్యాపేటలో టీకి ఆగాం. నేను గ్లాసు ఇచ్చి వచ్చేలోపు ఈయన బండెక్కి వెళ్లిపోయాడు."

అప్పటికే ఇద్దరు ముగ్గురు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"వీపుకి రాయి ఆనుతోంది కదా, అది నేనే అనుకున్నాడు. ఎనిమిది మైళ్లు దాంతో మాట్లాడుకుంటూ పోయాడు. బండి తేలిగ్గా పోతోందేమిటా, రోడ్డు బాగుంది కాబోలు అనుకున్నాడట. పెళ్లానికీ సన్నికల్లుకీ తేడా తెలియడానికి ఎనిమిది మైళ్లు పట్టింది."

"బర్రె ముచ్చట సుత చెప్పు ప్రేమమ్మా."

"వస్తున్నానండీ అనసూయమ్మగారూ. నందిగామలో బర్రె మా అరటిపళ్లు తినేసింది. తొక్కలతో సహా. అది తినడం అయ్యేదాకా రోడ్డు మధ్యలో ఆగాం, ఈయన దానికి హారన్ కొట్టడం మర్యాద కాదన్నాడు." నవ్వులు తగ్గేదాకా ఆగింది. "ఇక బెజవాడ మొగలో కానిస్టేబుల్ ఆపాడు. ఏంటా మూట, విప్పమన్నాడు. తాడు విప్పాడీయన, బొంత తీశాడు. కానిస్టేబుల్ చూశాడు. చూసి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, తనే మళ్లీ బొంత చుట్టి తాడు కట్టి పంపించాడు."

ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు 'సన్నికల్లుకి సెల్యూట్' అనేవారు. ఆవేళా అన్నారు. ఇల్లంతా నవ్వింది.

"టోపీ ఎందుకు తీశాడు ఆంటీ?"

దేవకృప గొంతు అది. నెల రోజులు వాడని గొంతు కాబట్టి కాస్త బొంగురుగా వచ్చింది.

"ఉక్కపోసి ఉంటుందమ్మా" అంది రోసమ్మగారు.

"సన్నికల్లుకి బొంత చుట్టారా?" అని మళ్లీ అడిగింది ఆ పిల్ల, ప్రేమమణినే చూస్తూ.

నలభైసార్లు చెప్పిన కథ. ఇన్నేళ్లలో టోపీ గురించి గానీ, బొంత గురించి గానీ అడిగినవాళ్లు లేరు. ఆ కథ చేతిలో ఉన్నంతకాలం ప్రేమమణి ఆ రోజుని పదిమందిలో పెట్టి తిప్పి చూసుకోగలిగేది. నిజం చెప్పేస్తే ఇక ఎవరూ బర్రె గురించి అడగరు. అబద్ధం చెబితే ఈ పిల్ల మళ్లీ నోరు మూసుకుంటుంది. పమిట సర్దుకుంది, అది సరిగ్గానే ఉన్నా.

"అది సన్నికల్లు కాదమ్మా" అంది. "మా డోరా సమాధి రాయి. మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్లాను. పాప పంతొమ్మిది రోజులే బతికింది. నాకు జ్వరం, మంచం దిగలేదు. మొగవాళ్లే తీసుకెళ్లి పెట్టి వచ్చారు. మూడేళ్లకి రాయి మీద పేరు చెక్కించాం. పార్సెల్ చేద్దామంటే, సరుకు వివరం అన్న గడిలో ఏం రాయను అన్నాడు మా ఆయన. రోజుకి వందసార్లు ఆ గడి నింపే మనిషి. పోనీ రైల్లో మనతో తీసుకెళ్దామంటే, సీటు కింద పెడితే ఎవరో ఒకరు కాళ్లు పెడతారన్నాడు. అందుకని బండి."

అనసూయమ్మ చేట దగ్గరికి లాక్కుని, మళ్లీ వదిలేసింది. రోసమ్మగారు ఏదో వాక్యం చెప్పబోయి మానుకుంది.

"ఇంకొకటుంది" అంది ప్రేమమణి. "ఇది ఎవరికీ చెప్పలేదు. తీరా సమాధుల తోటకి వెళ్తే, చిన్న దిబ్బలు మూడున్నాయి. ఒకేలాంటివి. మూడు వానాకాలాలు పోయాయి కదా. గుంట తవ్వినవాడు ఊరొదిలి వెళ్లిపోయాడు. మా నాన్న లేడు. ఉన్నది ఈయనొక్కడే. అటు నడిచాడు, ఇటు నడిచాడు, బండి తాళంచెవితో చెవి గోక్కున్నాడు. చివరికి గోడవార దిబ్బ చూపించి, ఇదే అన్నాడు. ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది నాకు, తెలియదని. ఏమంటాను? రెండొందల మైళ్లు రాయి మోసుకొచ్చిన మనిషిని. నీళ్ల బిందె పట్టుకుని నిలబడ్డాను. సిమెంటు కలిపి అక్కడే పెట్టేశాడు."

దేవకృప నవ్వింది. చిన్న నవ్వు, ముక్కులోంచి వచ్చింది, తాళంచెవి గుర్తొచ్చిందో ఏమో. అది సగంలోనే ఏడుపైపోయింది. ఎవరూ ఊరుకోమనలేదు.

కొంతసేపటికి మొహం తుడుచుకుని అంది, "మా బాబుని ఎక్కడ పెట్టారో నాకింకా చూపించలేదాంటీ. చూస్తే ఏడుస్తానని." ఆగి, కిటికీలోంచి బయటికి చూసింది. "వానలు ఇంకా పడలేదు కదూ?"

"పడలేదమ్మా. రేపు పొద్దున్నే వెళ్దాం. మీ ఆయన్ని రమ్మను, ఆయనకి గుర్తుంటుంది ఇంకా."

ప్రేమమణి మొగుడు యెషయా డ్యూటీ దిగి ఆరింటికి వచ్చి, అదే బండిని గోడవార నిలబెట్టాడు. ప్రేమమణి టీ తెచ్చిచ్చింది.

"ఇవాళ చెప్పేశాను."

"ఏంటీ?"

"సన్నికల్లు కాదని."

బూటు లేసు విప్పుతున్న చెయ్యి ఆగింది. "నవ్వలేదా మరి?"

"కానిస్టేబుల్ దాకా నవ్వారు."

ఒక బూటు విప్పాడు. రెండోది విప్పలేదు. "దిబ్బల సంగతి కూడా చెప్పావా?"

పదకొండేళ్లుగా దిబ్బల మాట ఇద్దరి మధ్యా రాలేదు. ఆయనకి దిబ్బ గుర్తులేదని తను కనిపెట్టినట్టు ఆయనకి తెలియదనుకునే ప్రేమమణి ఇన్నాళ్లూ కాపురం చేసింది.

"చెప్పాను."

ఆయన టీ సగం తాగాడు. గ్లాసులోకి చూస్తూ, "మధ్యదే ప్రేమా" అన్నాడు. "నాకు బాగా గుర్తు. మధ్యదే."

ఆ రోజు గోడవార దిబ్బే అని రాయి పెట్టి, సిమెంటు తడి ఆరేదాకా గొడుగు పట్టింది ఈయనే. ప్రేమమణి ఆయన మొహం వైపు చూడలేదు.

"ఔనండీ, మధ్యదే" అని, గ్లాసు కోసం చెయ్యి చాచింది.