మోతకు ముందరి చప్పుడు

ఎంపిక పందెంలో కూతురిని అనర్హురాలిగా తేల్చింది ఆయన యంత్రమే.

పరుగెత్తేవారు పాదాలు ఆనించి నిలిచే బ్లాకులు అవి. వెనుక చిన్న స్పీకరు ఉంటుంది. అందులోంచి పరుగు మొదలుపెట్టమనే మోత వినిపించకముందే పాదం కదిలితే ఎర్రదీపం వెలుగుతుంది. ఇటువంటివి అంతవరకు పరదేశాల నుంచే దిగుమతి అయ్యేవి. ఆటల సాంకేతిక పరిశ్రమ స్వదేశంలోనే ఎదగాలని సర్కారు సంకల్పించింది మొదలు ఆయన ఎక్కని గడప లేదు, పెట్టని దండం లేదు. తిరిగి తిరిగి చెప్పులరిగాయి. ఆశ కూడా వాటితోపాటే అరిగింది. కడకు క్రీడాశాఖ అధికారిణి ఒకావిడ పైవారితో పోరి, జాతీయ జట్టు ఎంపికలోనే వీటిని పరీక్షకు పెట్టించింది. ఇక్కడ నెగ్గితే దేశంలోని మైదానాలన్నీ ఆయనవే.

కన్నబిడ్డ పరుగెత్తే పందెంలో తండ్రి యంత్రమేమిటని గొణిగిన ఎంపిక సంఘ సభ్యులు, ఎర్రదీపం వెలిగేసరికి చల్లబడ్డారు. సొంత బిడ్డనే వదలని యంత్రానికి వేరే యోగ్యతాపత్రం దేనికని మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆయన చెవిలో సీసం పోసినట్లుంది.

యంత్రాల గదిలో తల వంచుకుని కూర్చున్న ఆయన దగ్గరకు కూతురు బూట్లు చేతపట్టుకుని వచ్చింది. కంట తడి లేదు, కోపం మాత్రం ఉంది.

"నేను తొందరపడలేదు నాన్నా. టిక్కుమంది, లేచాను. రోజూ మన షెడ్డులో లేచినట్టే."

ఆయన ప్రాణం చివుక్కుమంది. మోతకు లిప్తకాలం ముందు లోపలి స్విచ్చి మూసుకుంటూ టిక్కుమంటుంది. వినీ వినీ ఆయన చెవి దానిని ఎన్నడో మరచిపోయింది. ఆ యంత్రం తయారైన షెడ్డులోనే పరుగు నేర్చిన పిల్లకు మాత్రం ఆ టిక్కే పిలుపు. తక్కినవారికి అది అర్థంలేని చప్పుడు. మోతకు ముందే ఆమె కదిలిందన్న యంత్రం అబద్ధమాడలేదు. కదిలించింది తానేనన్న సంగతి మాత్రం చెప్పలేదు.

మౌనంగా ఉంటే యంత్రం నిలుస్తుంది, నోరు విప్పితే బిడ్డకు మరో పరుగు దక్కుతుంది. అంతర్యామికి తెలిసినదాన్ని మనుషుల వద్ద దాచి ఏం బావుకుంటాననుకుని ఆయన బరువుగా లేచాడు.

అధికారిణి అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దున్నుంచి ఎండలో నిలబడి ఆమె ముఖం కూడా వాడిపోయింది.

"ఒక పూటలో బాగయ్యే లోపమే కదండీ. రేపు చెప్పకూడదూ?"

"రేపటికి ఎంపిక అయిపోతుంది మేడమ్."

"అవునులెండి," అందామె. "మీరు మునిగితే మునిగారు, తాడు పట్టుకున్న పాపానికి నన్నూ లాగారు." ఆ మాటలో కసి లేదు, అలసటే ఉంది. సంఘంవారికి ఆమే వెళ్లి చెప్పింది. పాత పరదేశీ బ్లాకులు వేసి పందెం మళ్లీ పెట్టారు. మనవాళ్ల సరుకు ఇంతేనని ఎవరో అనకా పోలేదు.

ఆ బ్లాకులలో టిక్కు లేదు. దానికోసమే చెవి రిక్కించిన పిల్ల, మోత విని అందరూ ఉరికాక గాని లేవలేదు. ఉరికాక ఒక్కొక్కరినే దాటింది. ఎంపికైనవారిలో కడపటి అమ్మాయికి ఒక్క అడుగు వెనకబడింది.

సాయంత్రం ఇంటికి చేరిన తండ్రీకూతుళ్లను చూడగానే ఇల్లాలికి సంగతి తెలిసిపోయింది. నెగ్గింది యంత్రమా, పిల్లా అని అడిగితే ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు.

"రెంటికీ చెడ్డ రేవళ్లు ఇద్దరూ ఒకే ఇంట దొరికారు నాకు. కాళ్లు కడుక్కుని రండి, అన్నం చల్లారుతోంది."

ఆయన మాత్రం షెడ్డులోకి నడిచాడు. చేతులు వద్దంటున్నా స్విచ్చిని విప్పి, చుట్టూ మెత్తని రబ్బరు దిగించి, మూత బిగించాడు. మళ్లీ అన్ని గడపలూ ఎక్కాల్సిందే. తలెత్తేసరికి కూతురు బ్లాకుల మీద పాదాలు ఆనించి వంగి ఉంది.

ఆయన మోత మోగించే మీటమీద వేలుంచాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"నొక్కావా నాన్నా?"

"ఇంకా లేదమ్మా."

"చెప్పకు మరి. నన్ను విననీ."