మేస్త్రీ ఆఁ అన్నాడు

మేస్త్రీ తల దువ్వుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, ఫోటో దిగేవాడిలా ఆసుపత్రి మంచం అంచున బిగిసి కూర్చున్నాడు. మెదడు నరంలో నెత్తురు గడ్డకట్టి పడిపోయి పన్నెండు రోజులు. ఇవాళ సిస్టరు చేతిలోని కాగితంలో గడులన్నిటికీ టిక్కు పడితే ఇంటికి పంపేస్తారు.

"నువ్వు మధ్యలో నోరు పెట్టకు," అని పొద్దున్నే భార్య దగ్గర మాట తీసుకున్నాడు.

ఆమె తలూపింది గానీ మనసు ఒప్పలేదు. రేపట్నుంచి తను కుట్టుమిషన్ల షెడ్డుకు పోవాలి. సాయంత్రం దాకా ఇంట్లో ఉండేది ఆయనా, నెత్తురు పలచన చేసే మాత్రల డబ్బానూ.

సిస్టరు కుర్చీ లాక్కుంది. "బాబాయ్, మధ్యాహ్నం సగం మాత్రే. తెలిసిందా?"

"ఆఁ."

"మర్చిపోయి మళ్ళీ వేసుకున్నారంటే లోపల నెత్తురు కారుతుంది. ప్రాణానికే ముప్పు."

"ఆఁ."

టిక్కు. "చిగుళ్ళలో నెత్తురు కనిపిస్తే ఫోన్ చేస్తారుగా?"

"ఆఁ."

టిక్కు. "ఈ వార్డు మొత్తంలో ఇంత బుద్ధిమంతుడు లేడు పిన్నీ," అని నవ్వింది సిస్టరు.

పిన్నికి నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఆఁలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. విన్నానంటే పొట్టిగా తెగుతుంది. వినలేదంటే చివర పైకి లేస్తుంది. కోపమైతే ముక్కులోంచి వస్తుంది. ఇది వాటిలో ఏదీ కాదు, ఖాళీ డబ్బా మీద తట్టినట్టుంది. నిన్న మాత్ర మింగిన పావుగంటకే ఇంకోటి అడిగాడు. ఇందాకే మింగారు కదా అంటే, ఇదే ఆఁ.

ఇంకొక్క గడి మిగిలింది. పెన్ను దాని మీదికి దిగుతోంది. నోరు విప్పితే మొగుడి పరువు పోతుంది, విప్పకపోతే మొగుడే పోతాడు.

"ఏవండీ," అంది. "నిన్న నేను చచ్చిపోయాను. తెలుసు కదా?"

"ఆఁ," అన్నాడు మేస్త్రీ.

పెన్ను ఆగింది. సిస్టరు ఆయన ముఖంలోకి కాసేపు చూసి, పెట్టిన టిక్కులు ఒక్కొక్కటే కొట్టేసింది.

కడుతున్న గోడ నూలు వాసి వంగినా పట్టేసే మేస్త్రీ కళ్ళు ఆ కొట్టివేతల మీద నిలిచాయి. "ఏం చెప్పావే?" అన్నాడు.

"ఏం లేదండీ. ఇంకో వారం ఉందాం."

ఈసారి ఆఁ అనలేదు. "నిన్న... నువ్వు..." అంటూ ఆగిపోయాడు. వేళ్ళతో ఆమె మణికట్టు పట్టుకుని, నాడి ఎక్కడుందో వెతకసాగాడు.