బావ పెట్టిన రూలు

మా బావ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. రిటైరైన రోజున "పదవి పోతే పోయింది, పెదవి ఉందిగా" అని తనే నవ్వాడు. పదవీ విరమణ అలా నవ్వుతూ జరిగిపోయింది. పద విరమణ మాత్రం ఈ వర్షాకాలంలో వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరి చేతా మాట పడని మనిషికి, ఓ రోజు తెల్లారేసరికి మాట పడిపోయింది.

కొంత తిరిగొచ్చింది. అన్నం, నీళ్ళు, చెప్పులు, నా మీది తిట్లు, అన్నీ వచ్చేశాయి. ఆయన ప్రాణంగా పెంచుకున్న పొడుగాటి ఇంగ్లీషు మాటలే చిత్రంగా వచ్చాయి. అక్షరాలు వచ్చాయి, అర్థాలు రాలేదు. "ఫ్లోక్సినాసినిహిలిపిలిఫికేషన్ అంటే దేన్నయినా పూచికపుల్లలా తీసిపారేయడం" అని ఒకప్పుడు ఊపిరి తీసుకోకుండా చెప్పేవాడు. "ఆ పనికి అంత మాటెందుకండీ, నేను 'హు' అంటే సరిపోదూ?" అనేది మా అక్క. ఇప్పుడా మాటని ఒక్క తప్పు లేకుండా కాగితం మీద రాస్తాడు. రాసి, ఎవరో పెట్టిన సంతకాన్ని చూసినట్టు చూస్తాడు.

ఆదివారం సాయంత్రాలు ఇస్త్రీ షాపు పైగదిలో మేం నలుగురం ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలు బోర్డు మీద పేర్చి మాటలు కట్టే ఆట ఆడతాం. బావ, పళ్ళ డాక్టరమ్మ, పోస్టుమాస్టరు, వారపత్రికకి గళ్ళ నుడికట్టు కూర్చే నేను. ఆ ఆట కోసమే బావ గడ్డం గీసుకుంటాడు. మిగతా రోజుల్లో మంచం దిగమంటే గోడవైపు తిరుగుతాడు. అందుకే అక్క నన్ను వంటింట్లోకి లాగి, "ఒరే, ఆయన అక్కడికి వెళ్ళడం కూడా మానేస్తే ఇంక లేవర్రా. ఏం చేస్తావో ఏమో, ఆయన మనసు విరగకుండా చూడు" అంది.

చిక్కంతా మా రూలుతోనే. ఎనిమిది అక్షరాలు దాటిన మాట పేర్చినవాళ్ళు లేచి నిలబడి అర్థం చెప్పాలి. చెప్పలేకపోతే బిళ్ళలు వెనక్కి తీసుకోవాలి. ఆ రూలు పెట్టింది మా బావే. పోస్టుమాస్టరు పొడుగు మాటలు బట్టీపట్టి వరసగా గెలుస్తుంటే, "లోపలేముందో తెలీని కవర్లు పంచడం ఆఫీసులో చెయ్యవయ్యా, ఇక్కడ కుదరదు" అని కోప్పడి పెట్టాడు.

అందుకని మేం ముగ్గురం ఫోన్లలో కూడబలుక్కున్నాం. అందరం పొట్టి మాటలే ఆడాలి. పొడుగు మాటకి బోర్డు మీద చోటు దొరకనివ్వకూడదు. "సందులు పూడ్చడం నా వృత్తేగా" అంది డాక్టరమ్మ.

బావని మెట్లెక్కించేసరికి నా మోకాళ్ళు మొరపెట్టుకున్నాయి. ఆట మొదలైంది. పిల్లి, ఎలుక, టోపీ, బల్ల, ఇలా ఒకటో తరగతి వాచకం నడుస్తోంది. కింది నుంచి ఇస్త్రీ ఆవిరి, వేడి బట్టల వాసన. నేను 'కాపీ' అని నాలుగక్షరాలు పెట్టాను. పోస్టుమాస్టరు తన బిళ్ళల వంక చూసుకుని గుటక మింగాడు. బల్లకింద ఆయన కాలు తొక్కాను. అయినా ఆగలేదు. 'కాపీ' పక్కన 'రైట్' పేర్చేశాడు.

"ఏమిటండీ ఇది!" అన్నాను పళ్ళ మధ్యనుంచి.

"అయిదక్షరాలూ చేతిలో ఉన్నాయండీ, ఏం చెయ్యను చెప్పండి?" అని గొణిగి, లేచి నిలబడి, "రచన మీద రాసినవాడికుండే హక్కు" అని అర్థం చెప్పి కూర్చున్నాడు. ఎదురుగా రోగి ఉన్నాడని ఎరిగీ మాట వదులుకోలేడు. మా జాతి జబ్బే అంత, మందు లేదు.

బావ ముందుకి వంగాడు. ముందు రెండు బిళ్ళలు, వెనక నాలుగు. అన్‌కాపీరైటబుల్. ఏ అక్షరమూ రెండోసారి రాని మాట. బోర్డు ఈ అంచునుంచి ఆ అంచుదాకా నిండిపోయింది. ఎన్నేళ్ళుగానో మేం చొంగ కార్చుకున్న మాట, ఎవరి చేతా పడనిది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టేసి, రూలు గుర్తొచ్చి, చేతులు ఒళ్ళో దాచుకుంది.

బావ లేచి నిలబడ్డాడు.

"అంటే..." అన్నాడు. సగం అర్థం ఇప్పుడేగా విన్నాడు, అందుకుంటాడనుకున్నాను. "అంటే..."

"కూర్చో బావా, అందరికీ తెలిసిందేగా."

"నువ్వు నోర్ముయ్యరా."

"ఇవాళ్టికి రూలు తీసేద్దామండీ" అంది డాక్టరమ్మ.

"పెట్టిందెవరు?"

"మీరే."

"మరి తీసేది మీరా?"

బావ బోర్డు వంక చూశాడు. "తెలీదు" అని, ఆరు బిళ్ళలూ ఒక్కొక్కటే ఏరుకుని కూర్చున్నాడు.

"ఇందాకట్నుంచి పిల్లీ ఎలుకా అంటూ నన్ను ఉయ్యాల్లో ఊపుతున్నారు. నాకు పోయింది అర్థాలు. కళ్ళు కాదు."

అయిపోయింది, అక్కకి మొహం ఎలా చూపించాలా అనుకున్నాను. బావ అరచేతిలో బిళ్ళలు కదుపుతూ, "ఇంతకీ దానర్థం ఏంట్రా?" అన్నాడు.

నాకు హాస్యం రాలేదు. "ఎవరూ ఇది నాదని హక్కు రాయించుకోలేనిది, బావా."

ఆ మాటని పెదవుల మీద మెల్లగా తిప్పుకున్నాడు. "భలే ఉందిరా. ఎప్పుడూ వినలేదు."

నాకా మాట నేర్పిందే నువ్వు అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తర్వాత ఆట మామూలుగా సాగింది. ఈసారి ఎవరం కనికరించలేదు. బావ చిత్తుగా ఓడి, డాక్టరమ్మ పేర్చిన ప్రతి పొడుగు మాటకీ అర్థం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మెట్లు దిగుతూ ఒకసారి, వీధి మలుపులో ఒకసారి, "ఏదిరా, హక్కు రాయించుకోలేని మాట?" అని అడిగాడు. చెప్పాను. అక్క తలుపు తీసి ముందు నా మొహమే చూసింది.

"ఏమే, వచ్చే ఆదివారానికి ఆ నీలం చొక్కా ఉతికి పెట్టు" అన్నాడు బావ చెప్పులు విప్పుతూ. "వీళ్ళ దగ్గర బోలెడు కొత్త మాటలున్నాయి."

అక్క కళ్ళు తుడుచుకుంది. నాక్కూడా ఏడుపొస్తే బాగుండేది. పెద్ద ఆవలింత వచ్చింది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డాను.