దేవదూతలను చూసే అద్దం

బలిపీఠం మీద పరిచిన ప్లాస్టిక్ దుప్పటిని ఆల్మా థర్కెటిల్ నాలుగు మూలలూ కూడదీసి ఎత్తింది. రాత్రంతా గబ్బిలాలు రాల్చిన రెట్ట మధ్యకు జారింది. వాటిని వెళ్లగొట్టడానికి చట్టం ఒప్పుకోదు. దేవుడి ఇంట్లో మనుషులకన్నా గబ్బిలాలకే హక్కులెక్కువని ఏళ్ల తరబడి గొణుక్కుంటూనే ఆమె ఊడుస్తోంది. దుప్పటి దులుపుతుంటే ఎడమ చెయ్యి మళ్లీ లాగింది. కాసేపు బల్ల మీద కూర్చుని పైకి చూసింది.

చెకుముకి రాళ్ల గుండ్రటి బురుజు తప్ప బయటినుంచి ఆ చర్చిలో చూడటానికేమీ లేదు. ఉన్నదంతా లోపలే. పైకప్పు ఓక్ దూలాల చివర కొయ్య దేవదూతలు రెక్కలు చాచి నిలబడి ఉంటారు. ఎప్పుడో మతం పేరిట వచ్చిన సైనికులు నిచ్చెనలకు అందినవాళ్ల ముఖాలు చెక్కేశారు. అందనివాళ్లు బతికిపోయారు. వాళ్లను చూడాలంటే మెడ విరుచుకోవాలి. అందుకని చర్చి చూడవచ్చినవాళ్లకు తాళంచెవితోపాటు ఆల్మా ఒక అద్దం కూడా ఇస్తుంది. టీ పళ్లెమంత వెడల్పు, లావుపాటి చెక్క చట్రం. బల్ల మీద వెల్లకిలా పెట్టి వంగి చూస్తే దేవదూతలు చేతికందేంత కిందికి దిగివస్తారు.

చర్చి పెద్ద డెరిక్ కొలత టేపు పట్టుకుని వచ్చాడు. రేపు తలుపుకు కరెంటు తాళం బిగిస్తారట. పొద్దున దానంతటదే తెరుచుకుంటుంది, సాయంత్రం దానంతటదే పడుతుంది. ఇక ఎవరూ తాళంచెవి కోసం ఆమె తలుపు తట్టక్కర్లేదు.

"నీకు విశ్రాంతి దొరుకుతుంది, ఆల్మా ఆంటీ."

"చిన్నప్పుడు పాటల బృందంలోకి జేబులో కప్పతో వచ్చినవాడివి, నువ్వురా నాకు విశ్రాంతి ఇచ్చేది?" అంది. డెరిక్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. చీపురు మూలన పెట్టి, రోడ్డు దాటి ఇంటికి వెళ్లిపోయింది.

బడి వంటగదిలో పనిచేస్తూ, మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తూ ఆల్మా వయసంతా గడిచింది. తల్లి పోయాక ఇంట్లో మాట వినిపించడం ఆగిపోయింది. అప్పుడే చర్చివాళ్లు తాళంచెవి ఆమె దగ్గర ఉంచారు. ఇక మనుషులొస్తారని ఆమె సంబరపడింది. వచ్చేవారు, తీసుకెళ్లేవారు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం తలుపులో ఉత్తరాలు వేసే చీలికలోంచి తాళంచెవిని లోపలికి జారవిడిచి పోయేవారు. చాప మీద ఇనుము పడ్డ చప్పుడు విని, తడి చేతులు తుడుచుకుని వచ్చేసరికి కారు మలుపు తిరిగిపోయేది. ఒకసారైతే ఇంటి చెప్పులతోనే గేటుదాకా పరుగెత్తింది. ఆ సాయంత్రమే గోడ మీది తల్లి అద్దాన్ని దించింది.

ఆ అద్దం చీలికలో పట్టదు. తలుపు తట్టక తప్పదు. తట్టినవాళ్లు టీ వద్దని మొహం మీద చెప్పలేరు. ఎంత మంచి ఆలోచనో అని ఊరంతా మెచ్చుకుంది. అసలు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం దాటాక తలుపు చప్పుడైంది. చేతికర్ర పట్టుకున్న పెద్దాయన, పేరు సట్‌క్లిఫ్ అన్నాడు. యార్క్‌షైర్‌లో బస్సు నడిపి రిటైరయ్యాడట. భార్యతో కలిసి పాత చర్చిలన్నీ చూడాలనుకున్నాడట. ఇప్పుడు ఒక్కడే చూస్తున్నాడు. ఆల్మా ఆయన చేతిలో తాళంచెవీ అద్దమూ పెట్టింది.

"తలుపును భుజంతో కాస్త పైకెత్తి తాళం తిప్పండి, లేకపోతే మొండికేస్తుంది. తొందరేం లేదు, నిదానంగా చూడండి. వచ్చేసరికి టీ పెడతాను."

"తప్పకుండా వస్తానమ్మా. పొద్దున్నుంచి నోరు విప్పి ఎవరితోనూ మాట్లాడలేదు," అన్నాడాయన.

తనంతట తానుగా ఒకరు ఇలా మాట ఇచ్చి ఎన్నాళ్లయిందో. ఆల్మాకు కళ్లు చెమర్చాయి. మంచి కప్పులు రెండు తీసింది. షాజీరా వేసి చేసిన కేకును ఎప్పటికన్నా మందంగా కోసింది. కరెంటు కెటిల్ మరిగి టక్కున ఆగింది. ఎడమ చెయ్యి మళ్లీ లాగుతుంటే తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. చివరి రోజు ఇలాంటి మనిషి రావడం బాగుందనుకుంది. ఆయన అందరు దేవదూతలనూ చూడాలి, ముఖం ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ. నొప్పి ఒక్కసారి గట్టిగా పట్టి వదిలింది. తల పక్కకు వాలింది. ఊపిరి మళ్లీ రాలేదు.

కాసేపటికి సట్‌క్లిఫ్ తలుపు తట్టాడు. ఆగి, మళ్లీ తట్టాడు. పిలిచి టీ సంగతి గుర్తుచేయడం మర్యాద కాదనిపించింది. ముసలావిడ కునుకు తీస్తోందేమో. తన భార్యా ఈ వేళకు అలాగే పడుకునేది, లేపితే కోప్పడేది. చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. చివరికి తాళంచెవిని చీలికలోంచి మెల్లగా వదిలాడు. అద్దాన్నీ అలాగే పంపబోయాడు. నిలువుగా పెట్టి చూశాడు, అడ్డంగా పెట్టి చూశాడు. పట్టలేదు.

దాన్ని రుమాలుతో తుడిచి, తలుపుకు జాగ్రత్తగా ఆనించి వెళ్లాడు. అద్దంలో ఆయన వీపు చిన్నదవుతూ గేటు దాటింది. ఆ తర్వాత అందులో గేటూ, రోడ్డుకవతల బురుజూ మాత్రమే ఉన్నాయి.