చింతాకు గుడ్డు

ప్రభుదాస్ ఐదో గుడ్డుకు దారం చుడుతున్నాడు. చుట్టడమంటే ఎట్లా పడితే అట్లా కాదు. గుడ్డు మీద ఆకు పరిచి, పాత ధోవతి పేలిక కప్పి, ఆకు వెంట్రుకవాసి జరగకుండా దారం బిగించాలి. ముప్పై ఏళ్లుగా బాయిలర్‌లోకి ఊక ఎగదోసి మొద్దుబారిన వేళ్లు అతనివి. గోళ్ల సందుల్లో ఇంకా సున్నం ఉంది. రేపు ఈస్టర్. తెల్లవారకముందే అందరూ సమాధుల దగ్గర ప్రార్థనకు చేరతారు. అందుకని పొద్దున్నే పోయి తండ్రి పిచ్చయ్య సమాధికి సున్నం వేసి, అటునుంచి అటే మిల్లుకు వచ్చాడు.

మిర్యాలగూడ పొలిమేరలో మిల్లు అది. వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, ఉప్పుడు బియ్యం చేస్తారు. గుడ్లను చిల్లుల డబ్బాలో పెట్టి ఆవిరి ట్యాంకులో వడ్ల మీదికి దించితే ఉడకడమే కాదు, పెంకుకు ఊకరంగు కూడా పడుతుంది. ఆకు ఉన్నంతమేర తెల్లగా మిగులుతుంది. ఇదే మిల్లులో పనిచేసిన పిచ్చయ్య కనిపెట్టిన విద్య ఇది. పండగకు పిల్లలకు కొత్త బట్టలు కుట్టించలేని ఏడాది మొదలుపెట్టాడు. బట్టలు కుట్టించగలిగిన ఏళ్లలోనూ పిల్లలు మాననిస్తేనా! ఎవరి ఆకు వాళ్లే ఏరుకుంటారు. ఈస్టర్ పొద్దున సమాధుల దగ్గర ఇంటిపెద్ద ఎవరి గుడ్డు వాళ్ల చేతిలో పెడతాడు.

నిరుడు ఆ ఆనవాయితీ ప్రభుదాస్ హయాంలోనే తప్పింది. సున్నం వేయడానికి పోతూ, గుడ్ల డబ్బా పైకి తీయమని మంగయ్యకు చెప్పాడు. ట్యాంకు అడుగు తలుపు తెరిచే పని మంగయ్యది. మనిషి మంచోడే, మతిమరుపే పాడుది. డబ్బా తీయకుండానే తలుపు తెరిచాడు. టన్నుల కొద్దీ వడ్లు ఒక్కసారిగా జారాయి. డబ్బా వాటితోపాటే కిందికి పోయి నలిగింది. మర్నాడు ప్రభుదాస్ మనవలకు చాక్లెట్లు కొనిచ్చాడు. నలుగురు తినేశారు. సూర్యాపేటలో ఉండే కూతురు కృపారాణి బిడ్డ జ్యోత్స్న మాత్రం చాక్లెట్ పిడికిట్లో పట్టుకుని అడిగింది.

“నా ఆకేది తాతా?”

పిల్లకు ఎనిమిదేళ్లు. ఏడవలేదు, అలగలేదు. ఏడ్చినా బాగుండేది. ఏడాదిగా ఆ మాట అతన్ని తింటూనే ఉంది.

మొన్న, ఈస్టర్‌కు ముందటి మట్టల ఆదివారం నాడు సూర్యాపేట పోతే, జ్యోత్స్న తన బడి దగ్గరి చింతాకు రెమ్మను నోటుబుక్కులోంచి తీసి ఇచ్చింది. ఈసారి పగలనియ్యనని మాటిచ్చి వచ్చాడు. ఆకు ఎండి పెళుసెక్కితే గ్లాసు నీళ్లలో వేసి, మెత్తబడేదాకా దాని ముందే కూర్చున్నాడు. ఐదో గుడ్డు ఆ పిల్లదే.

డబ్బాకు తాడు కట్టి ట్యాంకులోకి దించేసరికే ఎడమ భుజం గుంజుతోంది. సున్నం బకెట్ మోసినందుకని సరిపెట్టుకున్నాడు. మధ్యాహ్నం ముద్ద దిగలేదు. నాలుగింటికి చొక్కా తడిసి ముద్దయింది. బాయిలర్ దగ్గర చెమట ఎవరికి పట్టదు గనక? కానీ ఈ చెమట చల్లగా ఉంది. మంగయ్య కనిపెట్టాడు.

“ప్రభన్నా, మొఖం గట్లున్నదేంది? దవాఖానకు పో. తాడు నేను గుంజుత.”

“నిరుడు గూడ గిదే అంటివి గదరా.”

కోపంగా అనలేదు. అయినా మంగయ్య తల దించుకున్నాడు. ఆవిరి ఆగినాక తానే తాడు గుంజి కేకేస్తానని, అప్పటిదాకా తలుపు ముట్టొద్దని, ఆ తర్వాత ఇద్దరం కలిసే దవాఖానకు పోదామని ప్రభుదాస్ చెప్పాడు. ఎంతసేపు, ఇంకో గంట. ఇనుప మెట్ల మీద రెండుచోట్ల ఆగి పైకి చేరాడు.

ఐదింటికి ఆవిరి ఆగింది. మంగయ్య తలుపు పిడి పట్టుకుని నిలబడ్డాడు. పైనుంచి కేక రాలేదు. వడ్లు మెత్తబడిపోతున్నాయని, తెరవమని మేస్త్రీ తిట్టాడు. అన్న ఇంకా చెప్పలేదన్నాడు మంగయ్య. ఇంకోసారి తిట్లు తిని, పిడి వదిలేసి మెట్లెక్కాడు.

ప్రభుదాస్ కమ్మీకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తాడు కుడిచేతికి రెండు చుట్లు చుట్టి ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే మంగయ్యకు తెలిసిపోయింది.

చేతికున్న తాడు విప్పి కమ్మీకి కట్టి, నలుగురూ కలిసి అతన్ని కిందికి దించి ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. ఆటో కదిలాక మంగయ్య మళ్లీ పైకెక్కాడు. తాడును చిన్నగా, ఎక్కడా తగలకుండా లాగి, వేడి డబ్బాను తువ్వాలలో చుట్టి పక్కన పెట్టాడు. అప్పుడు దిగివచ్చి తలుపు తెరిచాడు.

మర్నాడు వేకువన ప్రార్థనయ్యాక, సున్నంతో తెల్లగా ఉన్న పిచ్చయ్య సమాధి పక్కనే ప్రభుదాస్ గుంటకు చోటు చూశారు. కృపారాణి మట్టిలోనే కూలబడి ఉంది. మంగయ్య వచ్చి డబ్బా ఆమె ఒళ్లో పెట్టాడు.

“నీ చేత్తోనే ఇయ్యి బిడ్డా. ఒక్కటి గూడ పగల్లే.”

ఆమె కళ్లు తుడుచుకుని ఎవరి గుడ్డు వాళ్ల చేతిలో పెట్టింది. జ్యోత్స్న తన గుడ్డు దారం కొస వెతుక్కుని విప్పడం మొదలుపెట్టింది. తాత బిగించిన దారం, ఎంతకీ రాలేదు. ఎవరూ తొందర పెట్టలేదు. చివరికి పేలిక ఊడింది. ఎక్కువసేపు ఆవిరిలో ఉన్నందుకేమో గుడ్డు ఏ ఏటికన్నా ముదురు రంగు తిరిగింది. దాని మీద చింతాకు రెమ్మ, ఆకు ఆకూ విడివిడిగా, తెల్లగా ఉంది.