మూడు వందల నలభై మెట్ల బిల్లు

కొండదారి మొదట్లో, ఎడమవైపు రేకుల కొట్టు సూదక్కది. పొద్దున్నే తలుపు తీసి, మైనం పట్టించిన దారం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, కొండెక్కే వాళ్ళ కాళ్ళే ముందు కనిపించేవి. మొహం చూడకుండానే పలకరించేది. "మాస్టారూ, చెప్పు మడమ అరిగింది. దిగేటప్పుడు ఇచ్చి వెళ్ళండి" అనేది.

కొండమీదికి మూడు వందల నలభై రాతి మెట్లు. అన్నీ సూదక్క నాన్న వేసినవే. ఆయన తాపీమేస్త్రి. ఆయన చేత్తో పెట్టిన రాయి చల్లబడేది కాదు. ఎంత చలిలోనైనా, ఎవరో ఇప్పుడే కూర్చుని లేచిన బల్లలా వెచ్చగా ఉండేది. ఎవరివల్లైనా మేలు జరిగితే చేతి చలవ అంటారు కదా, మేస్త్రి సంగతొచ్చేసరికి ఊళ్ళో వాళ్ళు చేతి వెచ్చన అనేవారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా పిల్లులు ఆ మెట్లమీదే పడుకునేవి. అందులో వింతేముందని ఎవరూ ఆగి చూసింది లేదు.

ఆ చలికాలం మొదట్లో మున్సిపాలిటీ వాళ్ళు నెల రోజులు దారి మూసేశారు. తెరిచేసరికి కొత్త బోర్డు వెలిసింది. 'పాత మెట్లన్నీ తొలగించి కొత్త రాయి వేయడమైనది. రెయిలింగు మార్చడమైనది.' ఖర్చు అన్న మాట పక్కన మాత్రం ఖాళీ.

రెండు వారాలు తిరక్కుండానే లెక్కల టీచరమ్మ రెండో మలుపు దగ్గర జారింది. పట్టుకున్న రెయిలింగు ఊడి చేతిలోకొచ్చింది. కాలు విరిగింది. ఆమె భర్త తెగిన బూటు పట్టుకుని కొట్టుకొచ్చాడు.

"కుట్టమంటారా అన్నయ్యా?"

"కుట్టమ్మా. నయమవగానే మళ్ళీ ఎక్కుతానంటోంది. కొత్త రెయిలింగట. ఎంత పోసి వేశారో మరి."

ఆ మాట సూదక్కను వదల్లేదు. మధ్యాహ్నం కొట్టు కట్టేసి మున్సిపల్ ఆఫీసుకెళ్ళి, కొండదారి బిల్లులు చూపించమని కాగితం రాసిచ్చింది. ఫైలు ఇంజనీరు గారి దగ్గరుందన్నాడు గుమస్తా. వారం తర్వాత వెళితే చైర్మన్ గారి దగ్గరుందన్నాడు ఇంజనీరు. మూడోసారి వరండాలో చైర్మనే ఎదురయ్యాడు.

"నీకెందుకమ్మా ఇవన్నీ? చెప్పులు కుట్టుకునేదానివి."

"ఆ చెప్పుల డబ్బుల్లోంచే పన్ను కడుతున్నానండి. అది తీసుకునేటప్పుడు నాకెందుకని మీరు అనలేదు."

"కొత్త మెట్లు వేశాం. వెళ్ళి కళ్ళతో చూసుకో. ఇంకా బిల్లెందుకు?"

మెట్లమీంచి పిల్లులు ఇంకా లేవలేదని సూదక్క అప్పటికే చూసుంది. "కళ్ళతో కాదండి, కాళ్ళతో చూస్తాం" అని వచ్చేసింది.

ఆదివారం కొట్టు ముందు అట్టముక్క వేలాడింది. 'ఈరోజు మరమ్మతు ఉచితం. చెప్పులు ఇక్కడ వదిలి కొండెక్కండి.' తొమ్మిదయ్యేసరికి డెబ్బై జతలు పోగయ్యాయి. చలికి జనం ఒంటికాలి మీద గెంతుతూ నిలబడ్డారు. అంతలో ఇంజనీరు జీపు దిగాడు.

"ఊరేగింపుకి అనుమతి ఉండాలి."

"ఊరేగింపు కాదు సార్. నడక."

"చైర్మన్ గారికి కోపమొస్తే నీ కొట్టు తీయించేస్తారు."

"తీయించమనండి. ఉన్నవి నాలుగు రేకులు. మోసుకెళ్ళి ఆఫీసు గేటు ముందు వేసుకుంటాను. ముందు మీరు బూట్లు విప్పండి."

కొలతల పుస్తకంలో 'స్వయంగా చూసి కొలిచితిని' అని సంతకం పెట్టిన మనిషి ఆయన. విప్పనంటే ఒక తంటా, విప్పితే ఇంకో తంటా. అందరూ తననే చూస్తుంటే వంగి లేసులు విప్పాడు. మొదటి మెట్టుమీద కాలు పెట్టి ఆగిపోయాడు. వెచ్చదనం అరికాల్లోంచి మోకాలి దాకా పాకింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"మేస్త్రిదే" అన్నాడు పక్కనే ఎక్కుతున్న ముసలాయన, మబ్బు పట్టిందని చెప్పినంత మామూలుగా.

చల్లటి మెట్టు తగిలినప్పుడల్లా ఎవరో ఒకరు పిలిచేవారు. నలుగురు కాలు పెట్టి చూశాక సుద్దతో గీత గీసేవారు. పైకి చేరేసరికి గీతలు పదకొండు.

దిగేటప్పుడు ఇంజనీరు సూదక్క పక్కనే నడిచాడు. "ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. ఈ దారి ఎక్కడం ఇదే మొదలు. పెట్టమన్న చోట సంతకం పెట్టాను."

"మరి ఇప్పుడేం చేస్తారు?"

ఆయన బూట్లు చేత్తో పట్టుకునే జీపెక్కాడు.

సోమవారం ఆఫీసు తెరిచేసరికి గేటుకి బిల్లు అంటించి ఉంది. రాళ్ళు మూడు వందల నలభై, వాటి రవాణా, కూలి, రెయిలింగు, మొత్తం. కింద ఎర్ర సిరాతో ఇంజనీరు రాత: 'చూడకుండా సంతకం చేశాను. నిన్న ఎక్కి చూశాను. వేసినవి పదకొండు.' చైర్మన్ దాన్ని చింపించాడు. గుమస్తా అప్పటికే జిరాక్సులు తీసి పెట్టాడు కాబట్టి, మధ్యాహ్నానికి ప్రతి కొట్లోనూ ఒకటి వేలాడింది.

విచారణ జరిగింది. కాంట్రాక్టరు డబ్బు తిరిగి కట్టాడు. చైర్మన్ కుర్చీ దిగాడు. ఏ పనికి ఎంతయిందో మున్సిపాలిటీ వాళ్ళు నెలనెలా దారి మొదట్లో నిలబడి చదివి వినిపించాలని తీర్మానమైంది. ఇంజనీరు ఉద్యోగం కూడా పోయింది. సంతకం తనదే కదా అని ఆయన ఎవరితోనూ వాదించలేదు. కొండదారి మళ్ళీ బాగుచేస్తుంటే రోజూ వచ్చి, పిలవకపోయినా టేపు పట్టుకుని కొలిచేవాడు.

ఒక ఉదయం పక్క ఊరినుంచి ఇద్దరు ఆడవాళ్ళు కొట్టుకొచ్చారు. వాళ్ళ కొండదారికీ అలాంటి బోర్డే పెట్టారట.

"మాకు మీ నాన్నగారిలాంటి మేస్త్రి లేడక్కా" అంది పెద్దావిడ. "మా రాళ్ళన్నీ చల్లనివే. ఏది పాతదో ఏది కొత్తదో ఎలా తెలుస్తుంది?"

"నేనొచ్చి కొలుస్తానమ్మా" అన్నాడు కొట్టు పక్కన టేపు చుడుతున్న ఇంజనీరు. "నడిచే కొలుస్తాను."

"అంతకన్నా ముందు బిల్లు అడగండి" అని సూదక్క వాళ్ళకో తెల్లకాగితం ఇచ్చింది.

"ఇవ్వకపోతే?"

సూదక్క సూది పక్కన పెట్టి తలెత్తింది. "మీ ఊళ్ళో ఎంతమంది ఉంటారు?"