పోలిక నక్షత్రం

తిరుపతి నుంచి మూడు నెలలకొకసారి వెలువడే ‘ఖగోళ పరిశోధన’ పత్రికకు నలుగురు సంపాదకులు. వారిలో ముగ్గురు డాక్టర్లు. ఆ ముగ్గురిలో ఒక్కరికైనా ఆకాశంతో ముఖపరిచయం లేదు.

ప్రధాన సంపాదకుడు శఠగోపం గారి పట్టా వేరుశనగ చేలల్లో తేమ మీద. జయరామ్ పట్టా చెరకురసం మీద. చెరకురసం గుండా వెలుతురు పంపిస్తే అది ఎంత పక్కకు తిరుగుతుందో కొలిచి, దాన్నిబట్టి తీపి ఎంతో చెప్పి ఆయన డాక్టరయ్యాడు. ఆ మాట నాలుక చివర అద్దుకుని చెప్పగలిగినవాళ్ళు చిత్తూరు బెల్లం మండీలో కావలసినంత మంది ఉన్నారు, వాళ్ళకు ఎవరూ పట్టా ఇవ్వలేదు. గోవిందస్వామి లెక్కల మనిషి. ఆయన లెక్కల్లో నక్షత్రాలు చెప్పినట్టు వింటాయి కాబట్టి తలెత్తి చూడవలసిన పని ఆయనకు పడలేదు. దేశమంతా చెప్పుకున్న ఆ ఎనభయ్యో సంవత్సరపు సూర్యగ్రహణం నాడు ఈ ముగ్గురూ ఆఫీసు కిటికీలు మూయించి, విడుపు స్నానానికి వేళైందా లేదా అని ఒకరినొకరు అడుగుతూ కూర్చున్నారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటే నవ్వుతాం గానీ, ఆమె పాపం ఎగిరి చూసింది. వీళ్ళు అదీ చేయలేదు.

నాలుగో మనిషి వేదవల్లి. తిరుచానూరులో గుడి సేవకుల ఇంట పుట్టింది. డాక్టరు కాదు. మేడమీది ఆ ఆఫీసులో నక్షత్రాల సంగతి తెలిసిన ప్రాణి తనొక్కతే అని ఆమె నమ్మకం. అది నిజం కూడా. కానీ ఆ నిజాన్ని ఆమె మొహం మీద బొట్టులా పెట్టుకుని తిరిగేది, అందుకని ఎవరికీ ఆమె పొడ గిట్టేది కాదు.

వయసులో ఉన్నప్పుడు ఆమె ప్రొఫెసర్ కృష్ణస్వామి దగ్గర పరిశోధనకు చేరి, ఒక కొండమీది వేధశాలలో ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు మేలుకుంది. వెలుగు పెరిగి తరిగే ఒక నక్షత్రాన్ని పట్టుకుని దాని వెలుగు కొలవడం ఆమె పని. ఊరికే చూసి కొలిచేది కాదది. పక్కనే నిలకడగా వెలిగే మరో నక్షత్రాన్ని ఎంచుకుని, దానితో పోల్చి చెప్పాలి. దాన్నే పోలిక నక్షత్రం అంటారు. ప్రొఫెసరుగారు కొండెక్కేది చుట్టాలకు దుర్భిణి చూపించడానికి మాత్రమే. ఆమె రాసిన సిద్ధాంత వ్యాసాన్ని ఆయన ‘రేపు చదువుతాను’ అని బల్లకింద పెట్టాడు. ఆ రేపు ఎంతకూ రాలేదు. విసిగి వేదవల్లి దిగి వచ్చేసింది. డాక్టరు పట్టా అక్కడే ఉండిపోయింది, మొండితనం మాత్రం వెంట తెచ్చుకుంది.

ఆ పత్రికకు కొన్ని ఆచారాలున్నాయి. మొదటిది, వ్యాసం పంపినవాళ్ళకు శఠగోపం గారు స్వామి కొండమీద గది, దర్శనం దగ్గరుండి చూసిపెట్టేవాడు. దేశం నలుమూలల శాస్త్రవేత్తలూ ఈ పత్రికనే ఎందుకు ప్రేమించేవారో వేరే చెప్పాలా? గుండు చేయించుకుని దిగివచ్చి, ఆ గుండు నిమురుకుంటూ ఇక్కడే ప్రూఫులు దిద్దుకుని, లడ్డూలతో రైలెక్కేవారు. రెండోది, ప్రూఫులను ఒకరు గట్టిగా చదవాలి, మరొకరు రాతప్రతితో సరిచూడాలి. మూడోది, ప్రతి వ్యాసం కింద దాన్ని పరిశీలించి ఒప్పుకున్న సంపాదకుడి పేరు అచ్చవుతుంది. తర్వాత తప్పేదైనా బయటపడితే సవరణ వేసే హక్కూ బాధ్యతా ఆ పేరుగల మనిషివే, ప్రధాన సంపాదకుడికి సంబంధం లేదు. తన నెత్తిన మన్ను పడకుండా ఈ నియమాన్ని శఠగోపం గారే స్వయంగా పెట్టారు.

నక్షత్రాల వ్యాసాల కింద ఎప్పుడూ జయరామ్ పేరే ఉండేది. చదివేది వేదవల్లి, తప్పులు పట్టేది వేదవల్లి. కానీ డాక్టరు కానివారి పేరు వేస్తే పత్రిక పరువేం కావాలి? అలా ఒక్కసారి కూడా ఆమె పేరు అచ్చుకాలేదు.

ఒకరోజు జయరామ్ ఒక కట్ట తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు. “అక్కా, ఇది రోంత సూడు. నాకు తలా తోకా తెలీలా. రాసినాయన పెద్ద ప్రొఫెసరంట.”

“నీకు తెలిసింది ఏదప్పా? బెల్లం గురించి వస్తే అప్పుడు చెప్తువుగానిలే,” అంటూ ఆమె మొదటి పేజీ తిప్పింది.

కృష్ణస్వామి వ్యాసం అది. నక్షత్రం ఆమెదే. కొలతలు ఆమెవే. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఒక్కొక్కటిగా తీసిన అంకెలన్నీ పట్టికల్లో బుద్ధిగా కూర్చున్నాయి. పైన పేరు మాత్రం ఒక్క కృష్ణస్వామిదే. వేదవల్లికి కళ్ళు మంటెక్కాయి. వ్యాసం మొదటినుంచి చివరిదాకా తన పేరు కోసం వెతికింది, కృతజ్ఞతల్లో కూడా లేదు. ఆ రోజు ఆమె వెతికింది పేరునే, వ్యాసాన్ని చదవలేదు. ఊరందరి తప్పులూ పట్టే మనిషికి అంత కోపంలో చదువు ఎక్కడ ఎక్కుతుంది?

తిన్నగా శఠగోపం గారి గదికి పోయింది. “సార్, ఇది నా పని. నా పేరు ఉండాల. లేకుంటే ఇది అచ్చుకు పోకూడదు.”

శఠగోపం గారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “యాలమ్మా ఆవేశం? ఆయన ఇంటిల్లిపాదితో దర్శనానికి వస్తా ఉండాడు. గది కూడా చెప్పేసినాను. ఎదుటనే ఉంటాడు గదా, ఆయన్నే అడుగుదాం.”

కృష్ణస్వామి గారు వచ్చారు. కొండమీద పని పూర్తి చేసుకుని, నున్నని గుండుకు గంధం పూసుకుని, ఆఫీసులో ఉన్న ఒకే ఒక చేతుల కుర్చీలో కూర్చున్నారు. వేదవల్లి ఆయన ఎదురుగా నిలబడి, ఏళ్ళుగా మనసులో తిప్పుకున్న మాటను గడగడా చెప్పేసింది.

ఆయన పెద్దగా నవ్వాడు. “దీనికేనా? వెయ్యండప్పా ఆ అమ్మాయి పేరు. పాపం, రాత్రిళ్ళు మేలుకునింది గదా. స్వామి సన్నిధి నుంచి వచ్చినాను, ఇప్పుడు ఏదడిగినా ఇచ్చేస్తాను.”

తన సొమ్ము తనకు దానం చేస్తున్నాడని ఆమెకు తెలుసు. అయినా సంతోషం ఆగలేదు. సంతోషమే, మరో మాట లేదు. జయరామ్ పెన్సిలుతో కృష్ణస్వామి పేరు పక్కన ఆమె పేరు రాస్తుంటే అక్షరాలు సరిగా వేస్తున్నాడా లేదా అని భుజం మీదుగా తొంగి చూసింది. అందరినీ గడ్డిపోచల్లా చూసే మనిషి ఆ పూట అందరికీ తన డబ్బుతో కాఫీ తెప్పించింది.

కాఫీ అయ్యాక ప్రూఫులు చదవడానికి కూర్చున్నారు. చదివేది వేదవల్లి, సరిచూసేది జయరామ్. పేరు గొడవ తీరింది కాబట్టి ఇప్పుడామె నిజంగా చదవడం మొదలుపెట్టింది. మూడో పట్టిక దగ్గర చదవడం ఆపేసింది.

ఆ పట్టిక ఆఖరి ఏడాది కొలతలది. ఆ ఏడాది ఆమె పాత పోలిక నక్షత్రం మరీ మసకగా ఉందని మరోదాన్ని ఎంచుకుంది. తీరా చూస్తే ఆ కొత్తదానికి నిలకడ లేదు, దాని వెలుగూ మారుతూనే ఉంది. కొలిచే పడికే అడుగున చిల్లుంటే బియ్యం లెక్క ఏమవుతుంది? ఏడాది కొలతలు మొత్తం దండగయ్యాయి. ఆ సంగతి ఆమె అప్పుడే ప్రొఫెసరుకు చెప్పింది. చుట్టాలతో కొండ దిగుతూ ఆయన తల ఊపాడు. ఊపిన తలలోకి ఒక్క ముక్కా పోలేదని ఇప్పుడు తెలిసింది. ఆ దండగ కొలతల మీదనే ఆయన ‘ఈ నక్షత్రంలో కొత్త మార్పు కనిపెట్టాం’ అని మేడ కట్టేశాడు.

“సార్, ఈ పట్టిక పనికిరాదు,” అంది వేదవల్లి. “పోలిక నక్షత్రమే మారతా ఉన్నింది. అప్పుడే చెప్పినాను మీకు. ఈ కొత్త మార్పనేది లేనే లేదు.”

కృష్ణస్వామి గుండు గోక్కున్నాడు. “ఉంటే ఉండాది, లేకుంటే లేదు. అంత దూరాన ఉండేదాన్ని ఎవరు పోయి చూసొచ్చినారమ్మా?”

“ఇంతదూరం వచ్చి, దర్శనం చేసుకుని, ప్రూఫు కూడా అయిపోయినాక మల్లా మొదటికా?” అన్నాడు శఠగోపం. “సూడమ్మా, నీ పేరు కావాలన్నావు, వేసినాము. ఇంక ఊరకుండు.”

వేదవల్లి ఊరకుంటే చాలు. అచ్చులో మొట్టమొదటిసారి ఆమె పేరు, అదీ తన నక్షత్రం మీద. తప్పు పట్టుకోగల మనిషి ఆ చుట్టుపక్కల ఆమె తప్ప లేదు. ఎర్ర పెన్సిలు చేతిలోకి తీసుకుంది. జయరామ్ చేతిలోని రాతప్రతి లాక్కుని, తన పేరును అడ్డంగా కొట్టేసింది.

“ఇచ్చినా వద్దంటాది,” అని నవ్వి కృష్ణస్వామి లడ్డూల సంచీ సర్దుకున్నాడు.

జయరామ్ నవ్వలేదు. తప్పని తెలిసిన వ్యాసం కింద, ఒప్పుకున్న సంపాదకుడిగా తన పేరు అచ్చు కాబోతోంది. ఆయనకు నక్షత్రాలు తెలియవు గానీ భయం తెలుసు. సాయంత్రం శఠగోపం గదిలో ఇద్దరూ గుసగుసలాడుకోవడం వేదవల్లి చూసింది. ఈ మొహాలు గుసగుసలాడితే మాత్రం ఏం పుడుతుందిలే అనుకుని గొడుగు తీసుకుని తిరుచానూరు బస్సెక్కింది.

ఆ సంచిక వచ్చింది. ఆమె తెరిచి చూసింది. పైన కృష్ణస్వామి పేరు ఒక్కటే, ఆమె కోరుకున్నట్టే. వ్యాసం చివర, ఎన్నడూ లేనిది, ‘పరిశీలించి ఒప్పుకున్నవారు: వేదవల్లి’ అని ఉంది.

గది తలుపు బార్లా తీసిన శఠగోపం గారితో సహా ముగ్గురు డాక్టర్లూ తమతమ బల్లల దగ్గర కాగితాల్లోకి తలలు దూర్చారు. చివరికి శఠగోపం గారే నోరు తెరిచారు. “పేరు పేరని ఏడ్చినావు గదమ్మా. వచ్చింది సూడు. రేపు ఎవరన్నా అడిగితే నువ్వే చెప్పుకోవాల.”

అవమానంతో ఆమె చెవులు మండాయి. నక్షత్రాల వ్యాసం మీద మొదటిసారి తన పేరు పడింది, అది కూడా ఒక అబద్ధానికి కాపలాగా. అన్నం డబ్బా తెరవలేదు. మధ్యాహ్నం దాటాక మాత్రం ఉన్నట్టుండి తల ఎత్తి, ముగ్గురినీ వరసగా చూసి, నవ్వింది. వేరుశనగ, చెరకు, లెక్కలు. ఇన్ని పట్టాలుండీ వీళ్ళకు తాము పెట్టుకున్న సవరణ నియమమే గుర్తులేదు.

కాగితం తీసుకుని సవరణ రాయడం మొదలుపెట్టింది. తప్పు ఎక్కడుందో చెప్పాలంటే కొలతలు తీసింది ఎవరో చెప్పక తప్పదు. పోలిక నక్షత్రం వెలుగు మారుతుందని కనిపెట్టింది ఎవరో కూడా చెప్పక తప్పదు. ఆ రెండూ రాసింది. ఆపైన, తను మేలుకున్న ఆ ఏడాది రాత్రులన్నీ వృథా అని కూడా రాసింది. ఆ వాక్యాన్ని ఒకసారి కొట్టేసింది. మళ్ళీ రాసింది.

తర్వాతి సంచిక ప్రూఫుల్లో ఆ సవరణ మొదటి పేజీలో వచ్చింది. శఠగోపం గారు పరుగున వచ్చారు.

“ఇదేందమ్మా? ప్రొఫెసరుగారి మర్యాద ఏం కావాల? నన్నొక మాట అడగొద్దా?”

“సవరణకూ ప్రధాన సంపాదకుడికీ సంబంధం లేదు సార్. నియమం మీదే గదా.”

ఆయన గదిలోకి వెళ్ళిపోయాడు. వేదవల్లి రాతప్రతి ముందు పెట్టుకుని, అచ్చు కాగితాన్ని జయరామ్ వైపు తోసింది.

“ఈసారి నువ్వు చదువు, నేను సరిచూస్తాను.”

జయరామ్ సన్నగా గొణగడం మొదలుపెట్టాడు.

“గట్టిగా చదువప్పా,” అంది వేదవల్లి. “ఆచారం. లోపల సార్‌కు కూడా వినపడాల.”